జీరో పాయింట్ నీటి లెక్క ఎక్సెల్‌లో: గేజ్ నుంచి టీఎంసీ దాకా

నమస్కారం అండీ. తెలుగుగంగ అంటే కృష్ణా నీళ్ళు చెన్నైకి పంపే పథకం. దాని జీరో పాయింట్ లెక్క ఎక్సెల్ షీటులో ఎట్లా పెట్టాలో చూద్దాం. జీరో పాయింట్ అంటే తెలుసు కదా, మన సత్యవేడు అవతల, ఊత్తుకోట దగ్గర, తమిళనాడు సరిహద్దులో, కండలేరు–పూండి కాలువ 152వ కిలోమీటరు. తమిళనాడుకు ఎంత ఇచ్చామన్నది అక్కడ దాటిన నీటిని బట్టే.

ఒప్పందం గబగబా చెప్పేస్తా. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి, మొత్తం 15. దారి నష్టాలకు 3 తీసేస్తే సరిహద్దులో 12. 1983లో దాన్ని విడతలు చేశారు. జులై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. ఈ తేదీలు, ఈ అంకెలు పైన విడి గళ్ళలో పెట్టుకోండి, ఫార్ములా లోపల కొట్టొద్దు.

ఇదిగో, పక్క గడిలో 0.0864. క్యూసెక్కును (సెకనుకు ఒక ఘనపుటడుగు) దీంతో గుణిస్తే రోజుకు ఎన్ని మిలియన్ ఘనపుటడుగులో (ఎంసీఎఫ్‌టీ) వస్తుంది. 500 క్యూసెక్కులు అంటే 43.2. వెయ్యితో భాగిస్తే టీఎంసీ. రెండు కాలమ్‌లూ ఉంచండి, చెన్నై వైపు ఎంసీఎఫ్‌టీలో అడుగుతారు, మనవాళ్ళు టీఎంసీలో అడుగుతారు. అన్నట్టు, 8 టీఎంసీలు 123 రోజుల్లో ఇవ్వాలంటే రోజూ సగటున 753 క్యూసెక్కులు దాటాలి. ఇది కూడా పైన రాసి పెట్టండి, ఎంత వెనకబడ్డామో వెంటనే తెలుస్తుంది.

కాలమ్‌లు ఇవీ: తేదీ, ఉదయం 8 గంటల గేజ్ (నీటిమట్టం), డిశ్చార్జి (క్యూసెక్కుల్లో ప్రవాహం), ఆ రోజు పరిమాణం, మొత్తం. తేదీ లాగేయండి, అంతే.

ఇప్పుడు డిశ్చార్జి. ఇక్కడ ఆగుదాం, ఎక్కువమంది జారేది ఇక్కడే. నిన్న 8కి గేజ్ 0.6 మీటర్లు, ఇవాళ 8కి 1.4 అనుకోండి. ఇవి నమూనా అంకెలే. చాలామంది రెండు గేజ్‌లకూ సగటు తీసి 1.0 దగ్గర రేటింగ్ టేబుల్ (ఏ మట్టానికి ఎంత డిశ్చార్జో చెప్పే పట్టిక) చూస్తారు, 350 వస్తుంది. వద్దు! ముందు ఒక్కో గేజ్‌కూ డిశ్చార్జి చూడండి. 0.6కి 150, 1.4కి 614. ఇప్పుడు సగటు తీయండి, 382. తేడా 32 క్యూసెక్కులు, అంటే రోజుకు దాదాపు 2.76 ఎంసీఎఫ్‌టీ. నీటిమట్టం రెట్టింపైతే డిశ్చార్జి రెట్టింపుకంటే ఎక్కువ పెరుగుతుంది కదా, అందుకే ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోతుంది. దాటిన నీళ్ళు తక్కువగా కనిపిస్తాయి. ఆ తక్కువంతా నష్టం ఖాతాలో పడుతుంది, ఇంక మధ్యలో ఎవరో మోటార్లు పెట్టారని గొడవ.

ఆ టేబుల్‌లోంచి అంకె వెతికి తెచ్చే ఫార్ములా వీలుకప్, దాని చివర ట్రూ పెట్టినా ఇదే కథ. రెండు వరుసల మధ్య గేజ్ వస్తే తక్కువ గేజ్ ఉన్న వరుస అంకె ఇచ్చేస్తుంది. అందుకే రేటింగ్ టేబుల్‌ను సెంటీమీటరుకు ఒక వరుస చొప్పున ముందే నింపి, చివర ఫాల్స్ పెట్టండి.

ఇంకోటి, తేదీ. ఇవాళ 8కి ముగిసిన 24 గంటల్లో 16 గంటలు నిన్నవి. అవి నిన్నటి వరుసలోనా, ఇవాళ్టి వరుసలోనా? ఏదైనా ఫర్వాలేదు, రెండు రాష్ట్రాల వాళ్ళూ ఒకటే రాసుకోవాలి. లేకపోతే అక్టోబరు 31 దగ్గర ఒక రోజు నీళ్ళు విడత బయట పడతాయి. మధ్యాహ్నం గేటు మార్చినప్పుడు మాత్రం ఉదయం 8 గేజ్‌లు చాలవు, కాలువ చూసుకునే లష్కర్ చేత గంట గంటకూ గేజ్ రాయించుకోండి.

మొత్తం కాలమ్‌కు సమ్‌ఇఫ్స్, అంటే విడత తేదీల మధ్య పరిమాణాలే కూడే ఫార్ములా, ఇదిగో, అయిపోయింది.

ఇక నష్టం కాలమ్. కండలేరులో వదిలింది, అందులోంచి దారిలో తీసుకున్నవి, తిరుపతి తాగునీరు లాంటివి, తీసేసి, జీరో పాయింట్‌ది తీసేయాలి. కానీ ఒకే తేదీవి పక్కపక్కన పెట్టొద్దు, నీళ్ళు రావడానికి రోజులు పడతాయి. ఆ రోజుల సంఖ్య పైన ఒక గడిలో పెట్టి, ఇండెక్స్‌తో వెనక వరుస లాగండి. ఆఫ్‌సెట్ నాకు నచ్చదు, ఏది మార్చినా షీటంతా మళ్ళీ లెక్కేసుకుంటూ కూర్చుంటుంది.

నష్టం మైనస్‌లో వచ్చిందా? ముందు ఆ రోజుల గడి మార్చి చూడండి. అయినా మైనసేనా, కాలువలో గడ్డి, గుర్రపుడెక్క పెరిగి మట్టం ఎగదన్ని ఉంటుంది, టేబుల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్‌తో కొలిపించి టేబుల్ మార్చండి, పాత టేబుల్ చెరపొద్దు, ఏ తేదీ దాకా వాడారో పైన రాసి పక్క షీటులో ఉంచండి.