చొక్కా కాలరు వెనక కథ

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంట్లో రెడీమేడ్ చొక్కా ఉంటే, వీలు చూసుకుని కాలరు లోపలి పట్టీ చదవండి. మేడిన్ బంగ్లాదేశ్ అని ఉండొచ్చు. ఆ పట్టీ వెనక కథంటే నాకెంతో ఇష్టం. ఎగుమతిదారులకు ప్రభుత్వం ఎలా సాయపడాలని ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను.

1971లో పుట్టిన దేశం. మూడేళ్లు తిరిగేసరికి కరువు. అమ్ముకోడానికి జనపనార తప్ప పెద్దగా ఏమీ లేదు. అదే రోజుల్లో సంపన్న దేశాలు కొరియా బట్టల మీద కోటాలు పెట్టాయి, ఇంతకు మించి పంపొద్దని. దాంతో కొరియా కంపెనీ దేవూ, కోటా లేని చోటు వెతుక్కుంటోంది. ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన నూరుల్ ఖాదర్ చిట్టగాంగ్‌లో దేశ్ గార్మెంట్స్ పెట్టి, వాళ్లతో చేయి కలిపారు. 1979లో 130 మందిని కొరియాలోని బుసాన్‌కు పంపారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. ఆర్నెల్ల పాటు కత్తిరింపు, కుట్టుపని, నాణ్యత చూడటం, అన్నీ నేర్చుకున్నారు.

పనైతే వచ్చింది. మరి గుడ్డ? ఎగుమతికి పనికొచ్చే గుడ్డ దేశంలో దొరకదు. బయటి నుంచి తెస్తే రేవులోనే సుంకం. సుంకం కట్టి కుట్టిన చొక్కా అమెరికాలో ఎవరు కొంటారు? పైగా గుడ్డ కొనడానికి చేతిలో డాలర్లు లేవు.

ఇక్కడే రెండు చిన్న ఏర్పాట్లు వచ్చాయి. ఖాదర్ లాంటివాళ్లు అడిగి సాధించుకున్నవి. మొదటిది బాండెడ్ గోదాము. రేవులో దిగిన గుడ్డ సుంకం లేకుండా ఫ్యాక్టరీ గోదాముకు చేరుతుంది, కానీ కస్టమ్స్ వాళ్ల లెక్కలోనే ఉంటుంది. ఇన్ని గజాలు వచ్చాయి, ఇన్ని చొక్కాలై వెళ్లాయి అని పుస్తకంలో రాస్తారు. లెక్క సరిపోతే సుంకం లేదు. రెండోది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ, ఒక బ్యాంకు పూచీ కాగితాన్ని చూసి ఇచ్చే మరో పూచీ కాగితం. చొక్కాలు కొనే వ్యాపారి తరఫున అతని బ్యాంకు, సరుకు పంపితే డబ్బుకు మాది పూచీ అని కాగితం ఇస్తుంది. దాన్ని చూసి బంగ్లాదేశ్ బ్యాంకు గుడ్డ అమ్మేవాడికి మరో పూచీ కాగితం ఇస్తుంది. చొక్కాల డబ్బు రాగానే గుడ్డ బాకీ తీరుస్తారు. ఈ రెండింటిలోనూ ఖజానా నుంచి పంచిపెట్టింది ఏమీ లేదు. దారికి అడ్డం తీశారు. దారికి అడ్డం తీశారు, అంతే.

1980లో దేశ్ గార్మెంట్స్ కుట్టినవి 43 వేల చొక్కాలు. 1987లో 23 లక్షలు. బుసాన్ వెళ్లొచ్చిన 130 మందిలో నూరు మందికి పైగా బయటికెళ్లి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా వేరేవాళ్ల ఫ్యాక్టరీలు నిలబెట్టారు. కంపెనీకి అది దెబ్బే, దేశానికి మాత్రం పంట పండింది.

నా మనసు కలుక్కుమనే చోటూ ఇందులో ఒకటుంది. 2013 ఏప్రిల్‌లో ఢాకా పక్కన సావర్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గుడ్డ లెక్క గజాలతో సహా రాసినవాళ్లు, కుట్టే మనుషులు ఏ గోడల మధ్య కూర్చున్నారో చూడలేదు. అది చెప్పకుండా ఈ కథ చెప్పడం నాకిష్టం ఉండదు.

ఇక మన దగ్గరికి వస్తాను. గోదావరి జిల్లాలో నాకు తెలిసిన ఒకావిడ పచ్చళ్లు విదేశాలకు పంపుతారు. మొదటి ఏడు సరుకు మీద ఐజీఎస్టీ అనే పన్ను కట్టేసి, అది వాపసు వచ్చేదాకా నెలల తరబడి ఎదురుచూశారు. ‘సీసాలు కడిగి బోర్లించి పెట్టామండీ, కాయ కొనడానికే డబ్బు చాల్లేదు’ అన్నారు నాతో. ఆవకాయ సీజను మనకోసం ఆగదు కదా!

ఆ పన్ను అసలు కట్టక్కర్లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఎగుమతిదారు ఎల్‌యూటీ అనే హామీపత్రం ముందుగా వేసుకుంటే, పన్ను కట్టకుండానే సరుకు పంపొచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం. రుసుము లేదు. ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి ఏటా కొత్తగా వేయాలి. ఏప్రిల్ ఒకటో తేదీ వచ్చేలోపే వేసేయండి. పక్కన పెన్నుంటే రాసుకోండి, మళ్లీ చెబుతున్నాను: ఎల్‌యూటీ, ఆర్‌ఎఫ్‌డీ-11, ఏటేటా.

ఆవిడ ఇప్పుడు వంటింటి గోడ క్యాలెండర్‌లో, మార్చి నెల కాగితం మీద ఆ మూడక్షరాలూ ఎర్ర స్కెచ్‌తో రాసుకున్నారు.

ఉంటాను, నమస్కారం.