స్టార్ ఆటగాడి బేరం ఎక్కడ తెగుతుంది, ఎక్కడ చెడుతుంది?

అందరికీ నమస్కారం.

2025 ఫిబ్రవరి 1 రాత్రి పొద్దుపోయాక అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డల్లాస్ మావెరిక్స్ జట్టు తన స్టార్ లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసిందన్న వార్త బయటికొచ్చింది. అప్పటికి అతని వయసు 25. అంతకుముందు సీజన్‌లోనే జట్టును ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. ఎన్‌బీఏలో ట్రేడ్ (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం) బేరం ఎలా సాగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ముందు జీతాల లెక్క చూద్దాం. అప్పటికి లేకర్స్ మొత్తం జీతాలు జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన ఫస్ట్ ఏప్రన్ అనే గీత దాటేశాయి. ఆ గీత దాటిన జట్టు, పంపించే జీతం కంటే ఎక్కువ జీతాన్ని తెచ్చుకోకూడదు. డాన్చిచ్ జీతం సుమారు 4.30 కోట్ల డాలర్లు, అతనితో వచ్చే మాక్సీ క్లీబర్‌ది 1.10 కోట్లు. కలిపి 5.40. లేకర్స్ పంపేవాళ్లలో ఆంథనీ డేవిస్‌ది 4.32 కోట్లు, మాక్స్ క్రిస్టీది 71 లక్షలు. కలిపితే 5.03 దగ్గరే ఆగిపోయింది. ఇంకా దాదాపు 37 లక్షలు తక్కువ! అందుకే 39 లక్షల జీతమున్న జేలెన్ హుడ్-షిఫినోను కూడా బేరంలో కలిపారు. అతన్ని మూడో జట్టు యూటా జాజ్ తీసుకుని, అందుకు రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏటా డ్రాఫ్ట్‌లో రెండో విడత వంతులు) పుచ్చుకుంది. డాన్చిచ్‌తో పాటు వచ్చిన మార్కీఫ్ మోరిస్‌ది కనీస వేతనం కాబట్టి ఈ లెక్కలోకి రాదు. డేవిస్ తనకు రావాల్సిన ట్రేడ్ బోనస్ వదులుకున్నాడు. పెద్ద పేర్ల మీద మాట కుదిరాక కూడా ఒప్పందాలు ఆగిపోయేది ఇలాంటి చిన్న మొత్తాల దగ్గరే.

ఇక అసలు బేరం. అప్పటి డల్లాస్ జనరల్ మేనేజర్ నికో హారిసన్, లేకర్స్ అధికారి రాబ్ పెలింకా గుట్టుగా మాట్లాడుకున్నారు. డాన్చిచ్‌ను మిగతా జట్లకు వేలానికి పెట్టినట్టు చూపలేదు. నా దృష్టిలో డల్లాస్ పెద్ద తప్పు ఇదే. పోటీ లేని చోట అమ్మేవాడి చేతిలో ఏముంటుంది? డేవిస్, క్రిస్టీలతో పాటు డల్లాస్‌కు దక్కింది 2029 నాటి ఒకే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్.

2019లో ఓక్లహోమా సిటీ జట్టు చేసిన బేరాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఓక్లహోమా ఆటగాడు పాల్ జార్జ్ వస్తేనే కవాయ్ లెనార్డ్ తమ జట్టులో చేరతాడని లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు తెలుసు. ఆ సంగతి ఓక్లహోమా జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీకీ తెలుసు. షాయ్ గిల్జస్-అలెగ్జాండర్, డానిలో గలినారి, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు పిక్ మార్పిడి హక్కులు (ఇరు జట్ల పిక్‌లలో మెరుగైనదాన్ని తీసుకునే వీలు) రాబట్టాడు. ఆ పిక్‌లలో ఒకదానితో 2022లో జేలెన్ విలియమ్స్ వచ్చాడు. 2025లో ఓక్లహోమా టైటిల్ గెలిచింది, అత్యుత్తమ ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు షాయ్‌కే దక్కింది. అవతలివాడి అవసరం ఎంతో తెలుసుకుని ధర చెప్పడమంటే అది.

పిక్‌లు అడిగేటప్పుడు రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఏడేళ్లకు మించి ముందున్న పిక్ ఇవ్వకూడదు. వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా పోయేలా ఇవ్వకూడదు. ఒకప్పటి క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియన్ వరసగా ఫస్ట్ రౌండ్ పిక్‌లు వదులుకున్నాక వచ్చిన నియమం అది. మధ్య ఏడాదికి మార్పిడి హక్కు అడగడం అందుకే.

లేకర్స్ దగ్గర 2031 పిక్ ఇంకా మిగిలే ఉంది. కొద్ది రోజులకే దాన్నీ, 2030 మార్పిడి హక్కునూ, డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్‌లనూ కలిపి షార్లెట్ జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడే ఆటగాడు) మార్క్ విలియమ్స్ కోసం ఇవ్వజూపింది. డాన్చిచ్ కోసం డల్లాస్ రాబట్టలేకపోయిన పిక్ అది!

ఆ ఒప్పందమూ నిలవలేదు. లీగ్ ఆఫీసుతో జరిగే ఫోన్ కాల్‌లో ఇరు పక్షాలూ సరేనన్నా, వైద్య పరీక్ష పూర్తయ్యేదాకా ట్రేడ్ ఖాయం కాదు. విలియమ్స్ పరీక్షలో నెగ్గలేదని ఫిబ్రవరి 8న లేకర్స్ రద్దు చేసుకుంది. ట్రేడ్‌ల గడువు 6నే ముగిసింది. ఆ సీజన్‌కు ట్రేడ్ ద్వారా మరో సెంటర్‌ను తెచ్చుకునే దారి వాళ్లకు మిగల్లేదు.