ఇప్పసారా కుండ మీద నిర్ణయం ఎవరిది?

సమన్వయకర్త: నమస్కారం. ఇంట్లో సారా కాచుకొని, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్ముకునే మనిషిని ప్రభుత్వం ఎంతవరకు ఆపవచ్చు? ఉట్నూరు నుంచి పాడేరు దాకా ఏజెన్సీ గూడేల్లో ఏటా ఇప్పపూల కాలం రాగానే లేచే ప్రశ్న ఇది. ఆదివాసీల కేసులు వాదించే న్యాయవాది, ఆబ్కారీ శాఖ విశ్రాంత అధికారి, గూడెం మహిళా సంఘం నాయకురాలు ఈ చర్చకు వచ్చారు. న్యాయవాది గారూ, మీతో మొదలుపెడదాం.

న్యాయవాది: చట్టం మాటకు ముందు ఆ కుండ సంగతి చెప్పనివ్వండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారకముందే రాలతాయి. ఆడవాళ్ళు, పిల్లలు గంపలు పట్టుకొని వెళ్ళి, ఎండ ఎక్కేలోగా ఏరుకొస్తారు. ఎండిన పువ్వును కుండలో నానబెట్టి, పులిశాక పొయ్యి మీదికెక్కించి, ఆవిరిని చల్లార్చి చుక్కచుక్కగా పడతారు. గోండుల ఇళ్ళలో పెళ్ళికైనా, చావుకైనా, తమ పెద్దదేవుడు పెర్సాపేన్ పూజకైనా ఆ సారా ఉండాల్సిందే. దేవుడికి ధారపోశాకే మనుషులు ముట్టుకుంటారు. ఆ కుండ దొరికినప్పుడూ, పట్నం శివారులో డ్రమ్ములకొద్దీ నల్లబెల్లం ఊట దొరికినప్పుడూ 1968 నాటి ఆబ్కారీ చట్టంలోని 34వ సెక్షన్ కిందే కేసు రాస్తున్నారు. ఇద్దరినీ ఒకే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తున్నారు, అంటే మళ్ళీ ఈ పని చేయబోమని పూచీకత్తు రాయించుకుంటున్నారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

విశ్రాంత అధికారి: మద్యం వ్యాపారం చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మత్తు పానీయాలను నిషేధించే దిశగా రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 47వ అధికరణ చెబుతోంది. అయితే నన్ను భయపెట్టేది వేరు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో నాటుసారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు. మన దగ్గర కల్లులో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపి అమ్ముతున్నవాళ్ళను ఎన్నిసార్లు పట్టుకున్నారో అందరికీ తెలుసు. కల్తీ చేసేవాడికి పెద్ద దుకాణమేమీ అక్కర్లేదు, అతను కూడా ఇంట్లోనే కూర్చొని అమ్ముతాడు. గడప బయట నిలబడ్డ అధికారికి లోపలి సీసాలో ఏముందో ఎలా తెలుస్తుంది?

న్యాయవాది: కళ్ళకురిచ్చిలో ప్రాణాలు తీసింది పరిశ్రమల్లో వాడే మిథనాల్, అది ఒంట్లోకి వెళ్ళి ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తరువాత ప్రాణాన్ని తీస్తుంది. చేతిలో పువ్వు ఉన్న మనిషికి మిథనాల్ కొనాల్సిన పనిలేదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ అమ్మి లాభం దండుకోవాలనుకునేవాడికే దాని అవసరం. మీరు చెప్పిన తీర్పు వ్యాపారం గురించినది, ఇంట్లో తన కోసం కాచుకున్నవాడి గురించినది కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పాక, ఇంటి గడప దాటి లోపలికి వచ్చే ప్రభుత్వం అందుకు తగిన కారణం చూపించి తీరాలి. ఈ రెండింటి నడుమ ఉన్నది పక్కింటికి అమ్మిన ఆ ఒక్క సీసా. దానికీ దారి ఉంది. కల్లు విషయంలో చెట్టు ఎక్కే గీత కార్మికుడికే లైసెన్సు ఇచ్చే పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించిన మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాని తయారీని ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకే అప్పగించింది.

సమన్వయకర్త: అమ్మా, మీరు ఇందాకటి నుంచి వింటున్నారు. ఈ స్వేచ్ఛ మాటకు మీరేమంటారు?

మహిళా సంఘం నాయకురాలు: ఎవరి స్వేచ్ఛ అని అడుగుతాను. మొగుడు తాగొచ్చిన రాత్రి పిల్లల్ని తీసుకొని పక్కింటి వసారాలో పడుకునే ఆడదానికి కూడా ఒక స్వేచ్ఛ ఉండాలి కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణం మీదికి వెళ్ళారు, రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా మోగింది, మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. కానీ వాళ్ళు ఎదిరించింది ఏ ఇంటి కుండనో కాదు, ప్రభుత్వమే వేలంపాట పెట్టి పల్లెపల్లెకూ చేర్చిన సారాను. మా గూడెంలో నిరుడు ఒక ముసలమ్మ పెట్టుకున్న పువ్వు కుండను దాడికి వచ్చినవాళ్ళు వాకిట్లోనే పగలగొట్టారు. వారం రోజులదాకా ఆ మట్టిలోంచి పులిసిన వాసన పోలేదు. ఆ ఇంటికి నాలుగిళ్ళ అవతల బెల్టు షాపు నడుస్తోంది, ముద్ర ఉన్న సీసాలే అమ్ముతారు, దాని వైపు ఎవరూ చూడలేదు. మా మగవాళ్ళ కూలి డబ్బులు పోయేది ముసలమ్మ దగ్గర కాదు, అక్కడ.

విశ్రాంత అధికారి: ఆ మాటను నేను కాదనలేను. లైసెన్సు దుకాణం అమ్మకాలు పెరగాలని ఒకవైపు చూస్తూ, దాని సరుకును పల్లెలకు మోసే బెల్టు షాపును అరికట్టమంటే కింది ఉద్యోగి ఏం చేయగలడు? అయినా కుండలన్నీ వదిలేయమంటే నేను ఒప్పుకోను. రెండు సీసాలతో మొదలై ఇరవైకి పెరిగిన ఇళ్ళను నా కళ్ళతో చూశాను.

న్యాయవాది: ఏ ఇంట్లో రెండు సీసాలు, ఏ ఇంట్లో ఇరవై అన్నది గూడేనికి తెలిసినంతగా మండల కేంద్రానికి తెలియదు. అందుకే 1996 నాటి పెసా, అంటే ఆదివాసీలుండే షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన చట్టం, ఆ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలని చెప్పింది. పూజకు ఎంత, అమ్మకానికి ఎంత, బెల్టు షాపు ఉండాలా వద్దా అన్నవి అక్కడే తేలాలి. కల్తీని పరీక్షించే పని మాత్రం ప్రభుత్వానిదే, దాన్ని గూడెం మీదికి నెట్టకూడదు.

సమన్వయకర్త: గ్రామసభ అంటే మీరు ఒప్పుకుంటారా అమ్మా?

మహిళా సంఘం నాయకురాలు: ఒప్పుకుంటాను, కానీ ఏ పూట పెడతారో చెప్పండి. ఇప్పుడు మధ్యాహ్నం పెడుతున్నారు, ఆ వేళకు మేం అడవిలోనో చేనులోనో ఉంటాం, సాయంత్రం సంతకాల పుస్తకం ఇంటికి వస్తుంది, ఏం తీర్మానించారో చదివి వినిపించేవాళ్ళు ఉండరు. మేం ఇల్లు చేరాక, దీపాలు పెట్టే వేళకు సభ పెట్టమనండి. ఆ ముసలమ్మ కుండ గురించీ, బెల్టు షాపు గురించీ అక్కడే మాట్లాడతాం.