నలుగురి ఆటలో ఐదో మనిషి

[దృశ్యం: గోల్ఫ్ క్లబ్ నోటీసు బోర్డు. వారాంతపు ఆటల పట్టిక. ప్రతి వరుసలో నాలుగు పేర్లు, ఎక్కడా ఖాళీ లేదు. దాని ముందు బ్యాగుతో నిలబడిన కొత్త సభ్యురాలు.]

వ్యాఖ్యానం: ఈ పట్టికను ఒకసారి చూడండి. వరుసకు నాలుగు పేర్లు. ఏళ్ల తరబడి అవే పేర్లు, అదే వేళ. ఈమెను ఎవరూ రావద్దనలేదు, రుసుము కట్టించుకుని నవ్వుతూనే చేర్చుకున్నారు. కానీ ఆడటానికి చోటేదీ?

ఈత కొలనులోకి ఒక్కరే దిగి ఈదవచ్చు. గోల్ఫ్ క్లబ్బులో జీవితమంతా నలుగురి గుంపుల్లోనే నడుస్తుంది. బంతిని ఒక్కో గుంతలోకి చేరుస్తూ 18 హోల్స్ పూర్తయ్యేసరికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపు ముక్కూ మొహం తెలియని మనిషితో నడవాలంటే పాతవారికీ బెరుకే, కొత్తవారికీ బెరుకే. అందుకే చాలా క్లబ్బులు ఒక సాయంత్రం స్వాగత సభ పెట్టి, చేతిలో టోపీ పెట్టి, చేయి దులుపుకుంటాయి. టోపీ తోడు రాదు కదా.

[దృశ్యం: ఖాళీ స్కోర్‌కార్డు. పక్కన ఆడినవారు సంతకం చేసే గడి దగ్గర కెమెరా ఆగుతుంది.]

అసలు చిక్కు ఈ గడిలో ఉంది. హ్యాండిక్యాప్ అంటే ఆడేవారి స్థాయిని చెప్పే అంకె. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం మొదటి హ్యాండిక్యాప్ రావాలంటే 54 హోల్స్‌కు స్కోర్లు ఇవ్వాలి. అంటే మూడు పూర్తి రౌండ్లు. ఆ రౌండ్లలో పక్కన కనీసం మరొకరు ఉండాలి. ఒంటరిగా ఆడిన స్కోరు లెక్కలోకి రాదు. హ్యాండిక్యాప్ లేకుంటే చాలా పోటీల్లోకి రానివ్వరు. పోటీలకు రాకపోతే పరిచయాలు పెరగవు. పరిచయాలు లేకపోతే పక్కన ఆడేవారు దొరకరు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు!

ఈ ముడి విప్పాల్సింది క్లబ్బే. చేరిన రోజునే ఒక తోడును పేరుతో సహా అప్పగించాలి. "ఎవరినైనా అడగండి" అంటే ఎవరినీ అడగరు. మొదటి మూడు రౌండ్ల స్కోరు కార్డులూ పూర్తయ్యేదాకా ఆ తోడుదే బాధ్యత.

తోడుగా ఎవరిని పంపాలి? క్లబ్బులో అందరికన్నా బాగా ఆడేవారిని మాత్రం వద్దు. ఆ ఆట చూస్తేనే కొత్తవారి చేతులు బిగుసుకుంటాయి. కొత్తవారికి వీలైన రోజుల్లోనే వచ్చే మనిషి, బంతి పొదల్లోకి పోయినా విసుక్కోని మనిషి చాలు.

[దృశ్యం: మొదటి టీ, అంటే తొలి దెబ్బ కొట్టే చోటు. చుట్టూ చూసేవారు. కొత్త సభ్యురాలి చేతుల మీదికి కెమెరా.]

అతి కష్టమైన చోటు ఇదే. తాగే టీ దగ్గర అందరూ స్నేహితులే, ఈ టీ దగ్గర మాత్రం అందరూ న్యాయనిర్ణేతలు! తొలిసారి రద్దీ లేని వేళ పిలవండి. తొమ్మిది హోల్సే ఆడినా తప్పు లేదు. లెక్కకు, ఒక్కో హోల్‌కు పాయింట్లు ఇచ్చే స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి పెట్టుకోండి. అందులో ఒక హోల్ పాడైతే ఆ హోల్‌కు సున్నా, అంతే. బంతి చేతిలోకి తీసుకుని ముందుకు నడవవచ్చు. పదకొండు, పన్నెండు అని దెబ్బలు లెక్కపెట్టుకుంటూ కుంగిపోనవసరం లేదు.

మర్యాదలన్నీ ముందే చెప్పండి, తప్పు జరిగాక కాదు. గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఇతరుల బంతి గుంత వైపు దొర్లే దారిని తొక్కకూడదని, బంతి పడి చేసిన గుంటను సరిచేయాలని, బంకర్‌లోంచి వచ్చే ముందు ఇసుక చదును చేయాలని తొలి హోల్‌కు నడుస్తూనే చెప్పేయవచ్చు. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు. అంతకుముందు ఐదు ఉండేవి. ఇది తెలియక, వెనక గుంపు ఎదురుచూస్తుంటే చెమటలు పట్టేది కొత్తవారికే.

ఇక ఉచిత సలహాలు. "మోచేయి వంచకండి, తల ఎత్తకండి" అని ముగ్గురు మూడు వైపుల నుంచి చెబుతుంటే ఎవరికైనా ఆట మీద విరక్తి పుడుతుంది. దెబ్బలు లెక్కగట్టే పోటీలో తోటి పోటీదారుకు ఇలా ఆట నేర్పితే, చెప్పినవారి లెక్కకే రెండు దెబ్బలు కలిపే శిక్ష. మామూలు ఆటలోనూ ఆ నియమం ఉంటే ఎంత బాగుండేదో!

[దృశ్యం: మళ్లీ నోటీసు బోర్డు. రెండు వరుసల్లో నాలుగో గడి ఖాళీ.]

మూడు కార్డులు అయ్యాయి. తోడు పని ముగిసింది. చాలామంది కొత్తవారు జారిపోయేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి నెలకొక రోజైనా చీటీలు తీసి గుంపులు కలపండి. ప్రతి వారం కొన్ని గడులు ఖాళీగా ఉంచండి. పాత గుంపులు గొణుగుతాయి. గొణగనివ్వండి.

పట్టికలో కొన్ని వారాలుగా పేరు కనిపించని కొత్తవారికి ఫోను చేయండి. "ఎందుకు రావడం లేదండీ?" అని కాదు. "ఆదివారం మా గుంపులో ఒకరు తగ్గారు, వస్తారా?" అని.