పాము విషం నుంచి బీపీ బిళ్ల దాకా

శ్రోతలకు నమస్కారం.

బీపీ బిళ్ల గుండె మీదే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. బాగా వాడకంలో ఉన్న కొన్ని బిళ్లలు పనిచేసేది నిజానికి రక్తనాళాల మీద. ఆ నాళాల లోపలి పొరలో ఏసీఈ అనే ప్రోటీన్ ఉంటుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళాల్లో మరీ ఎక్కువ. దాన్ని ఓ కత్తెర అనుకోండి. రక్తంలో యాంజియోటెన్సిన్ 1 అనే ప్రోటీన్ ముక్క ఒకటి తిరుగుతుంటుంది. అందులో 10 అమైనో ఆమ్లాలు, అంటే దండలో పూసల్లా ప్రోటీన్‌లో వరసగా ఉండేవి. దాని వల్ల పెద్దగా జరిగేదేమీ లేదు. కత్తెర దాని చివర రెండింటిని తీసేస్తుంది. మిగిలిన 8తో అది యాంజియోటెన్సిన్ 2 అనే హార్మోన్ అవుతుంది. ఇక నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. పాపం, దాన్ని తిట్టుకోనక్కర్లేదు. గాయమై రక్తం పోతున్నప్పుడు మనల్ని నిలబెట్టేవాటిలో అదొకటి.

ఈ కత్తెరకి రెండో పని కూడా ఉంది. నాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్‌ని ఇది ముక్కలు చేసేస్తుంది. బిగించేదాన్ని తయారు చేస్తుంది, వదులు చేసేదాన్ని పోగొడుతుంది. ఈ రెండో పని కాస్త గుర్తుంచుకోండి.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన కథ. బ్రెజిల్‌లో జరరాకా అనే పాము ఉంది. మన రక్తపింజర కుటుంబమే. దాని విషం రక్తంలో కలిస్తే బ్రాడీకైనిన్ పుట్టుకొస్తుందని 1949లో రోషా ఇ సిల్వా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కనిపెట్టారు. 1965లో ఆయన శిష్యుడు సెర్జియో ఫెరీరా ఇంకో విచిత్రం బయటపెట్టాడు. బ్రాడీకైనిన్ విరిగిపోకుండా కాపాడే పదార్థం కూడా ఆ విషంలోనే ఉంది! పాము దాన్ని పుట్టించడమే కాదు, పోనివ్వదు కూడా. ఆ పదార్థం పట్టుకుని ఫెరీరా లండన్‌లో జాన్ వేన్ ల్యాబ్‌కి వెళ్లాడు. అక్కడ బఖ్లే అనే శాస్త్రవేత్త దాన్ని ఏసీఈ మీద ప్రయోగించి చూశాడు. కత్తెర ఆగిపోయింది. అయితే ఆ పదార్థం మింగితే పనిచేయదు, ఇంజెక్షనే ఇవ్వాలి. అమెరికాలో స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఆండెట్టి కూర్చుని, అదే పని చేసే చిన్న మందు తయారు చేశారు. అదే కాప్టోప్రిల్. 1981లో అక్కడ అనుమతి వచ్చింది. కంగారు పడకండి, బిళ్లలో పాము విషం ఉండదు.

ఆ వంశంలోవే ఎనలాప్రిల్, రామిప్రిల్. పేరు చివర 'ప్రిల్' ఉంటుంది. ఇవి మొదలుపెట్టాక కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. కఫం రాదు, జ్వరం ఉండదు, గొంతులో ఒకటే గరగర. దుమ్ము అంటారు, మంచు అంటారు, సిరప్ మీద సిరప్ తాగుతారు. కత్తెర ఆగింది కదా, బ్రాడీకైనిన్ పోగుపడుతుంది. దగ్గుకు ముఖ్య కారణం అదేనని డాక్టర్లు భావిస్తారు. ఇంకో సిరప్ కొనేముందు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. చాలాసార్లు పేరు చివర 'సార్టాన్' ఉన్న మందుకి మారుస్తారు. అది కత్తెర జోలికి పోదు, యాంజియోటెన్సిన్ 2 నాళానికి అంటుకోకుండా అడ్డుకుంటుంది. బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. ఒకవేళ పెదాలు, నాలుక, ముఖం వాస్తే దగ్గులా కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నట్టు, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్ట్రిప్ పట్టుకెళ్లండి. "చిన్న తెల్ల బిళ్లండీ" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు! సెలవు.