పెట్టె మీద ఒక పేరు, తెర మీద ఒక పేరు

గ్రంథాలయ అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, ఈ ఎండలో పిల్లలను వేసవి శిబిరానికి తీసుకొచ్చి తామూ కూర్చుండిపోయిన తల్లిదండ్రులకు, ముందు వరుసలో నా చేతిసంచీ వైపే చూస్తున్న పిల్లలకు నమస్కారం. బాలానగర్‌లో ముప్పై నాలుగేళ్లు అచ్చులు చేసిన డై మేకర్‌నని కార్యదర్శిగారు నన్ను పరిచయం చేశారు. అంతవరకు నిజం. ఆ తర్వాత వాడిన విశేషణాలను మీరు మరచిపోతే నాకు మాట్లాడటం సులువవుతుంది. ప్లాస్టిక్ అచ్చుల తయారీ గురించి చెప్పమని నన్ను పిలిచారు. దాని గురించే చెబుతాను, కాకపోతే ఒక్క బొమ్మను ముందు పెట్టుకొని చెబుతాను.

ఇదిగో ఆ బొమ్మ. వెనుక కూర్చున్నవారికి ఇది వెన్నముద్ద రంగు విమానంలా కనిపిస్తూ ఉండవచ్చు. నా ఇంటికి వచ్చిన రోజున ఇది మల్లెపువ్వులా తెల్లగా ఉండేది. తెల్ల ఏబీఎస్ ప్లాస్టిక్ ఎండకూ వేడికీ ఏళ్ల తరబడి నలిగితే ఇలా పసుపెక్కుతుంది. దీని పేరు జెట్‌ఫైర్. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ, మరమనుషులుగా మారే బొమ్మలను అమ్మే ట్రాన్స్‌ఫార్మర్స్ అనే వరుసలో, 1985లో అమ్మిన బొమ్మ ఇది. 1986 వేసవిలో మా అక్క కుటుంబం షికాగో నుంచి వచ్చినప్పుడు వాళ్ల అబ్బాయి చంకలో పెట్టుకొని దిగాడు. ఇదేమిట్రా అని మా అమ్మ అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ అన్నాడు. ఆమెకు తెలిసిన ట్రాన్స్‌ఫార్మర్ మా వీధి చివర స్తంభాల మీద గుయ్యిమంటూ ఉండేది ఒక్కటే కనుక, దాన్ని అవతల పెట్టి ముందు చేతులు కడుక్కోమంది.

మూడో రోజున కాలి పక్క ఎర్ర కవచం బిగించే కొక్కెం విరిగింది. ఏడుస్తూ నా దగ్గరకు తెచ్చాడు. నేను దానికి సన్నని ఇత్తడి పిన్ను వేస్తుండగా పక్కన కూర్చొని ఒక ప్రశ్న అడిగాడు: “మావయ్యా, పెట్టె మీద వీడి పేరు జెట్‌ఫైర్ అని ఉంది. టీవీ కార్టూన్‌లో మాత్రం స్కైఫైర్ అంటారు. టీవీలో ముఖం కూడా వేరే. వీడు వాడేనా?” పెట్టె మీద ఏది రాసి ఉంటే అదే నిజమని చెప్పి పంపించాను. కార్ఖానాలో పనిచేసేవాడికి లేబుల్ మీద అంత నమ్మకం ఉండటం సహజం. ఆ జవాబు తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఈ సాయంత్రం దాన్ని దిద్దుకోవడానికే వచ్చాను.

జపానులో 1982 అక్టోబరు నుంచి 1983 జూన్ వరకు మాక్రాస్ అనే కార్టూన్ ధారావాహిక ప్రసారమయింది. అందులో మనుషులు నడిపే యుద్ధవిమానం ఒకటి మరమనిషిగా మారుతుంది. దాని పేరు వాల్కిరీ, వీఎఫ్-1. దాన్ని రూపొందించిన షోజి కవామోరికి అప్పటికి ఇరవై రెండేళ్లు. అమెరికా నౌకాదళపు ఎఫ్-14 విమానాన్ని చూసి, దాని ముడుచుకొనే రెక్కలతో సహా, అతను ఈ ఆకారం గీశాడు. ఆ విమానాన్ని 55లో ఒకటో వంతు కొలతలో బొమ్మగా తయారుచేసిన సంస్థ టకటోకు టాయ్స్. నా చేతిలోని బొమ్మ ఎముకలు ఆ సంస్థవే.

పిల్లలూ, కాస్త ముందుకు జరిగి చూడండి. విమానంగా ఉన్నప్పుడు దీని తల ఎక్కడుందో చెప్పగలరా? పొట్ట కింద తలకిందులుగా దాక్కొని ఉంది. ఇంజన్లనుకుంటున్న ఈ రెండూ కాళ్లు. వెనుక మంట చిమ్మే గొట్టాల నోళ్లు విచ్చుకొని పాదాలవుతాయి. ఆ రెండు కాళ్ల మధ్య మడిచిపెట్టినవి చేతులు. తొడల దగ్గర ఈ లోహపు కడ్డీలు తిరిగి కాళ్లను ముక్కు పక్కకు తెస్తాయి, నడుము మడతపడితే విమానం ముందుభాగం రొమ్ము అవుతుంది. పూర్తిగా మార్చకుండా మధ్యలో ఆపితే కాళ్లూ చేతులూ ఉన్న పక్షిలా నిలబడుతుంది, అదీ ఒక రూపమే. ఇన్ని మడతలున్న వస్తువుకు అచ్చు చేయడమంటే ఏమిటో తల్లిదండ్రులలో ఈ పని తెలిసినవారు ఊహించగలరు. బకెట్టుకు రెండు పలకల అచ్చు చాలు, తెరిస్తే వస్తువు ఊడిపడుతుంది. ఇక్కడ ప్రతి కీలుకూ రంధ్రం, పిన్ను, ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి సందు కావాలి. సందు ఎక్కువైతే కాలు వేలాడుతుంది, తక్కువైతే పిల్లవాడి చేతిలో పుటుక్కుమంటుంది. తెల్ల ముక్కకు ఒక అచ్చు, ఎర్ర కవచానికి ఇంకొక అచ్చు, అయినా రెండూ చప్పుడుతో ఒకదానిలో ఒకటి బిగిసిపోవాలి. నలభై ఏళ్ల తర్వాత, నా ఇత్తడి పిన్ను ఉన్నచోట తప్ప, అన్నీ ఇంకా బిగుస్తున్నాయి, వినండి.

ఇంత పని చేసిన టకటోకు 1984లో దివాలా తీసింది. సంస్థ పోయినా ఉక్కు అచ్చు పోదు గదా, అవి జపానులోని మరో బొమ్మల సంస్థ బందాయ్ చేతికి వెళ్లాయి. సరిగ్గా అదే సమయానికి అమెరికాలో హాస్‌బ్రోకు మారే బొమ్మలు ఎన్ని దొరికినా సరిపోని పరిస్థితి ఏర్పడింది. 1984లో మొదలైన ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్లో అధికభాగం జపాను సంస్థ టకారా అంతకుముందే అమ్మిన డయాక్లోన్, మైక్రో చేంజ్ వరుసల నుంచి తెచ్చుకున్నవి. అవి చాలక ఇతర సంస్థల బొమ్మలనూ తెచ్చారు, అలా వాల్కిరీకి ఎర్ర కవచం తొడిగి జెట్‌ఫైర్ అన్నారు. తొలి విడతల్లో కొన్నింటి మీద మాక్రాస్ కథలోని సైన్యపు గుర్తు కూడా అలాగే ఉండిపోయింది. పెళ్లివారింట అరువు తెచ్చిన గిన్నెల అడుగున పక్కింటివారి పేరు కనిపించినట్టు.

ఇక్కడే అసలు తిరకాసు. జపానులో టకారాకు బందాయ్ బద్ధ పోటీదారు. ట్రాన్స్‌ఫార్మర్స్ జపానులో టకారా సరుకు. బందాయ్ బొమ్మను టకారా తన వరుసలో అమ్ముతుందా? అమ్మలేదు. పైగా ట్రాన్స్‌ఫార్మర్స్ టీవీ కార్టూన్ బొమ్మలు గీసినది జపానులోని తోయెయ్ స్టూడియో, కార్టూన్ తిరిగి జపానులో ప్రసారం కావలసినది. అమెరికాలో సంగతి ఇంకా చిక్కు. మాక్రాస్‌ను మరి రెండు ధారావాహికలతో అతికించి 1985లో రోబోటెక్ పేరుతో ప్రసారం చేశారు. ఒకే ఏడాది ఒకే దేశంలో ఒకే విమానం ఒక కథలో మనిషి నడిపే యంత్రం, మరో కథలో ప్రాణమున్న వీరుడు. ఈ హక్కుల చిక్కుల కారణంగానే కార్టూన్‌లో రూపాన్ని గుండ్రంగా మార్చి, ముఖం మార్చి, పేరు స్కైఫైర్ అని పెట్టారని అందరూ చెప్పుకుంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, కవామోరి డయాక్లోన్ బొమ్మల రూపకల్పనలోనూ పాలుపంచుకున్నవాడు. తెర మీద పక్కపక్కన నిలబడటానికి వీల్లేదన్న ఈ రెండు ఇళ్ల బొమ్మల వెనుక ఉన్న చేతుల్లో ఒక చేయి ఒక్కటే.

అచ్చు చేతులు మారడం గురించి మాట్లాడుతున్నాను గనుక, అధ్యక్షులవారు గడియారం చూడకపోతే, నా సొంత సంగతి ఒకటి చెప్పుకుంటాను. నేను పనిచేసిన చోట చిన్న కారు బొమ్మ అచ్చు ఒకటి చేశాను. నాలుగు నెలల పని. బొమ్మ లోపలి ఆకారాన్నిచ్చే కోర్ అనే భాగం మీద, బొమ్మ విప్పితే తప్ప కనబడనిచోట, నా పేరులోని రెండు అక్షరాలు చెక్కాను. యజమాని చూసి గ్రైండర్‌తో తీయించాడు. జీతం తీసుకున్నాక పేరెందుకు అన్నాడు. ఆ కార్ఖానా తొంభైలలో మూతపడింది, అచ్చులను కిలోల లెక్కన తూచి అమ్మారు. తర్వాత కొన్నాళ్లకు బేగంబజారులో ఒక దుకాణంలో ఎవరిదో ముద్రతో ఆ కారే వేలాడుతూ కనిపించింది. నాదేనని ఎలా గుర్తుపట్టానంటారా? బొమ్మను అచ్చు నుంచి తోసే ఎజెక్టర్ పిన్నుల గుర్తులు నాలుగు కారు అడుగున గుండ్రంగా ఉంటాయి. వాటిలో ఎడమవైపు వెనుకది నా పొరపాటు వల్ల అర మిల్లీమీటరు పక్కకు జరిగింది. పేరు చెరిపేశారు గాని తప్పును చెరపలేకపోయారు. పద్దెనిమిది రూపాయలు పెట్టి కొనుక్కున్నాను. ఆ రోజు నుంచి ఏ బొమ్మ దొరికినా ముందు తిరగేసి అడుగు చూడటం అలవాటయింది. ఈ జెట్‌ఫైర్‌ను కూడా అలాగే తిరగేశాను. టకటోకు, బందాయ్, హాస్‌బ్రో కథంతా అక్కడి నుంచే పట్టుకున్నాను.

సరే, స్కైఫైర్ దగ్గరకు వద్దాం. పేరు మార్చుకొని తెర మీదకు వచ్చినవాడికి కథకులు ఇచ్చిన బతుకు చూడండి. 1984 చివర్లో వచ్చిన అతని తొలి కథలో, దుష్టపక్షమైన డిసెప్టికాన్లు ఉత్తర ధ్రువం వద్ద భూగర్భపు వేడిని తోడుతుండగా మంచులో గడ్డకట్టిన ఒక పెద్ద శరీరం బయటపడుతుంది. వారి దళంలోని స్టార్‌స్క్రీమ్ అతన్ని గుర్తుపడతాడు. నాయకుడి కుర్చీ మీద కన్నేసి నిరంతరం కుట్రలు చేసే స్టార్‌స్క్రీమ్‌కు ఒక స్నేహితుడుండేవాడని మనకు తెలిసేది అప్పుడే. యుద్ధం రాకముందు వీరిద్దరూ శాస్త్రజ్ఞులు, కలిసి గ్రహాలు వెదికినవారు. లక్షల ఏళ్ల కిందట ఈ భూమికి వచ్చినప్పుడు తుపానులో స్కైఫైర్ తప్పిపోయాడు. స్టార్‌స్క్రీమ్ వెదికాడు, దొరకక ఒంటరిగా తిరిగి వెళ్లాడు.

ఇప్పుడు లేచినవాడికి మధ్యలో యుద్ధం మొదలయిన సంగతే తెలియదు. స్నేహితుడు ఎటు ఉంటే అటే తానూ అని డిసెప్టికాన్ల గుర్తు వేయించుకుంటాడు. బందీలను చంపమని స్టార్‌స్క్రీమ్ ఆజ్ఞాపించేవరకు అతనికి ఏ సందేహమూ రాదు. అప్పుడు కాదంటాడు. కాదన్నందుకు అతన్ని కాల్చినవాడు ఇంకెవరో శత్రువు అనుకుంటున్నారా? ఆ స్నేహితుడే. చివరకు మంచిపక్షమైన ఆటోబాట్ల వైపు నిలిచి, వారిని కాపాడే ప్రయత్నంలో మళ్లీ అదే మంచులో కూరుకుపోతాడు. కర్ణుడు బతికుండగానే పాండవుల వైపు వచ్చి ఉంటే అతని మీద తొలి బాణం వేసేది దుర్యోధనుడే గదా అని ఈ కథ చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ఇరవై నిమిషాల పిల్లల కార్టూన్‌లో ఇంత బరువు మోయించారు.

తరువాత ఏం చేశారు? అది నాకు కోపం తెప్పించే సంగతి. మంచులోంచి మళ్లీ తవ్వి తీశారు, పెరూ పర్వతాలకు వెళ్లడానికి విమానం కావలసి వచ్చింది కనుక! అప్పటి నుంచి అతను ఆటోబాట్లకు బస్సు. నా చేతిలోని బొమ్మ జానెడు పైచిలుకు, తెర మీద మాత్రం బృందమంతా అతని కడుపులో కూర్చొని ప్రయాణం చేసేది. మంచి మనసున్న బంధువుకు కారు ఉంటే పెళ్లిళ్లలో ఏమవుతుందో అదే అతనికీ అయింది. ఆ పాత స్నేహం సంగతి తేల్చకుండానే క్రమంగా కనుమరుగు చేశారు. వీడ్కోలు సన్నివేశమైనా లేదు.

మార్వెల్ కామిక్స్‌లో, బాబ్ బుడియాన్‌స్కీ రాసిన కథల్లో, పేరు జెట్‌ఫైరే కాని పుట్టుక వేరు. అక్కడ అతను ఏ గ్రహం నుంచీ రాలేదు. 1985లో భూమి మీదే షాక్‌వేవ్ అనే డిసెప్టికాన్ చేయించిన ఖాళీ శరీరం అతను. బందీగా ఉన్న ఆటోబాట్ల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌లోని సృష్టిశక్తిని వాడుకొని అందులో జీవం పోస్తారు, చివరికి అతను ఆటోబాట్ల వైపు వెళ్లిపోతాడు. 2009 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఎస్‌ఆర్-71 అనే గూఢచారి విమానంగా మ్యూజియంలో దుమ్ము పట్టి ఉన్న ముసలివాడు, కర్ర పట్టుకొని నడుస్తూ, తన అవయవాలనే ఆప్టిమస్‌కు ఇచ్చి పోతాడు. అక్కడా అతను ఒకప్పటి డిసెప్టికానే. ఎవరు రాసినా ఇతను ఒక ఇంట పుట్టి మరో ఇంటికి వెళ్లినవాడే. కథకులు కావాలని చేశారో లేదో గాని, అచ్చు చరిత్ర కూడా అదే. 2014లో హాస్‌బ్రో తెచ్చిన కొత్త జెట్‌ఫైర్‌కు తొడిగి తీసే ముసుగు పెట్టారు. తొడిగితే పాత బొమ్మ ముఖం, తీస్తే కార్టూన్‌లోని స్కైఫైర్ ముఖం. మా మేనల్లుడి ప్రశ్నకు కంపెనీ ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఇచ్చిన సమాధానం ఇది.

ఆ వేసవి చివర సూట్‌కేసు బరువు ఎక్కువైందని వాళ్ల నాన్న ఈ బొమ్మను ఇక్కడే వదిలేయించాడు. వాడికిప్పుడు యాభై దగ్గర పడుతోంది, టెక్సాస్‌లో ఉంటాడు. నిరుడు ఫోనులో, నీ జెట్‌ఫైర్ పసుపెక్కిపోయిందిరా అన్నాను. “మావయ్యా, నా దగ్గర తెల్లది ఒకటి కొన్నాను. దానికి మీ పిన్ను లేదు” అన్నాడు.

ఇప్పుడు పిల్లలు ఒక్కొక్కరే రండి. ముందు రెక్కలు ముడవండి, తర్వాత కాళ్లు. ఎడమ కాలి పక్క కవచాన్ని మాత్రం నేను తీస్తాను.