గొడుగు కొనే ముందు గది చూడండి

మిత్రులందరికీ నమస్కారం.

కెమెరా చిన్న ఫ్లాష్‌కు ఏ గొడుగు, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే ఫొటో గొడుగు, మంచిదో చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. ఇదే ప్రశ్న హైదరాబాద్‌లో కెమెరా దుకాణాలుండే కోఠి గుజరాతీ గల్లీలో కౌంటర్ ముందు నిలబడి అడిగితే అర నిమిషంలో జవాబు దొరుకుతుంది. ఆ రోజు దుకాణంలో ఏ రకం ఎక్కువగా మిగిలి ఉంటే అదే మంచిది. నా జవాబు కాస్త పొడుగు. మీరు ఫొటోలు తీసే గది ఎంత? దాని గోడలకు ఏ రంగు వేశారు? పైకప్పు ఎంత ఎత్తులో ఉంది? ఈ మూడూ తేలితే గొడుగు సంగతి సగం తేలిపోయినట్టే. మిగతా సగం బ్రాకెట్‌ది, అంటే ఫ్లాష్‌నూ గొడుగునూ స్టాండుకు పట్టి ఉంచే బిగింపుది. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి ఈ రోజు ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ఫ్లాష్ తల మన అరచేతిలో పట్టేంత ఉంటుంది. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుగు ముక్కు నీడను చెంప మీద కత్తితో గీసినట్టు పడేస్తుంది. గొడుగు ఆ వెలుగును మూడడుగుల మేర పరుస్తుంది కనుక నీడ అంచులు మెత్తబడతాయి. అయితే గొడుగు దగ్గరగా ఉన్నప్పుడే ఈ మేలు. పదిహేను అడుగుల అవతల పెడితే ఎంత ఖరీదైన గొడుగైనా మళ్లీ చిన్న దీపమే. ఒక్కరి ఫొటో తీసేటప్పుడు గొడుగు వెడల్పు ఎంతో, ముఖానికి దాని దూరం కూడా ఇంచుమించు అంతే ఉండేలా చూసుకోండి. దూరం రెట్టింపైతే ముఖం మీద పడే వెలుగు ఇంచుమించు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాప్‌లు పడిపోతుంది (ఒక స్టాప్ తగ్గిందంటే వెలుగు సగమైనట్టు).

గొడుగుల్లో ముఖ్యంగా రెండు రకాలు. తెల్లటి పలుచని గుడ్డలోంచి వెలుగు దాటి వచ్చేది షూట్ త్రూ. లోపల తెలుపు లేదా వెండి పూత, వెనక నల్ల గుడ్డ ఉండి, వెలుగును వెనక్కి తిప్పి పంపేది రిఫ్లెక్టివ్. షూట్ త్రూను ముఖానికి బాగా దగ్గరగా జరపవచ్చు, ఎందుకంటే దాని కర్ర మనిషి వైపు పొడుచుకురాదు. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి అందరూ దీన్నే చెబుతారు. కానీ వెలుగులో మంచి భాగం గుడ్డను దాటకుండా వెనక్కి తిరిగి గదంతా చెదిరిపోతుందన్న మాట మాత్రం చెప్పరు. గోడలు తెల్లగా ఉంటే దిగులు లేదు. ఆ చెదిరిన వెలుగే నీడల్లోకి చేరి మేలు చేస్తుంది. మన ఫ్లాట్లలో అన్ని గోడలూ తెల్లగా ఉండవు కదా! ఒక గోడకు చిలకపచ్చ, ఎదుటి గోడకు నారింజ వేయించుకోవడం మనవాళ్లకు సరదా. అలాంటి పడకగదిలో పెళ్లికూతురిని కూర్చోబెట్టి షూట్ త్రూ వెలిగిస్తే ఒక చెంప పచ్చగా, ఒక చెంప ఎర్రగా వస్తుంది. రెండు రంగులు ఒకేసారి కలిశాయి కాబట్టి ఫొటో మొత్తం రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ మార్చినా పూర్తిగా పోదు. అక్కడ వెనక నల్ల గుడ్డ ఉన్న రిఫ్లెక్టివ్ గొడుగే దిక్కు.

ఒక్కటే కొనగలిగితే పైనున్న నల్ల తొడుగు ఊడదీయడానికి వీలున్న కన్వర్టిబుల్ గొడుగు కొనండి. తొడుగు ఉంటే రిఫ్లెక్టివ్, తీస్తే షూట్ త్రూ. వెండి పూత గొడుగు వెలుగును ఎక్కువగా తిప్పి ఇస్తుంది, జరీని, నగలను తళుక్కుమనిపిస్తుంది. చెమట పట్టిన నుదుటినీ అంతే తళుక్కుమనిపిస్తుంది. వేసవి ముహూర్తాల్లో నేను తెలుపు వైపే మొగ్గుతాను.

గొడుగు పెట్టె మీద 33, 43, 60 అంగుళాలని రాసి ఉంటుంది. చాలా కంపెనీలు ఆ కొలతను గుడ్డ వంపు వెంబడి తీస్తాయి. విప్పి, అంచు నుంచి అంచుకు నేరుగా కొలిస్తే తక్కువే వస్తుంది. ఒకరిద్దరికి 43 అంగుళాలది చాలు. రెండు వరుసల బంధువర్గానికి 60 అంగుళాలది కావాలి. దాన్ని కెమెరా వెనక, మీ తల కంటే ఎత్తున నిలిపి కొంచెం దూరం జరిపితే ముందు వరుసకూ వెనక వరుసకూ వెలుగులో తేడా తగ్గుతుంది. ఇల్లయితే మాత్రం ఆలోచించండి. మన అపార్ట్‌మెంట్లలో పైకప్పు సుమారు 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. పెద్ద గొడుగు పై అంచు బ్రాకెట్ కంటే రెండడుగులకు పైగా లేస్తుంది. సీలింగ్ ఫ్యాను తిరుగుతూ ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు బ్రాకెట్. వేలు పోసి కొన్న ఫ్లాష్‌ను పట్టి ఉంచేది ఇదే. బేరమాడి మరీ అన్నిటికంటే చౌకది కొనేది కూడా దీన్నే. దీని అడుగున స్టాండు కొన మీద కూర్చునే సాకెట్ ఉంటుంది. ఆ కొన మందం 5/8 అంగుళం. కొన మీద ఒక గాడి ఉంటుంది. బ్రాకెట్ మర ఆ గాడిలో పడేలా బిగించాలి. గాడి తప్పితే గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, స్టాండు ఎత్తి పక్కకు జరిపేటప్పుడు మొత్తం ఊడి చేతికొస్తుంది. వంపు తిప్పే కీలు దగ్గర పళ్లున్నది చూసి తీసుకోండి. నున్నగా ఉన్న కీలు బరువుకు మెల్లగా వంగిపోతుంది. ఫ్లాష్ కూర్చునే షూ లోహానిదైతే ఫ్లాష్ పాదం దగ్గరి కాంటాక్టులు దానికి తగిలి షార్టయ్యే అవకాశం ఉంది. చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే సరి.

గొడుగు కర్ర దూరే రంధ్రాన్ని పరిశీలనగా చూడండి. మంచి బ్రాకెట్లలో అది కొంచెం ఏటవాలుగా ఉంటుంది. ఫ్లాష్ కర్ర కంటే పైన కూర్చుంటుంది కనుక, గొడుగు నడిబొడ్డు కూడా అంత పైకి లేవడానికే ఆ వాలు. కర్రను తప్పు వైపు నుంచి దూరిస్తే గొడుగు కిందికి వాలి, వెలుగు పై సగం మీదే పడుతుంది. కర్ర మందం చాలావాటికి 8 మిల్లీమీటర్లు, ఎలిన్‌క్రోమ్ కంపెనీ గొడుగుల్లో 7 ఉంటుంది. వదులుగా ఉందని మరను మరీ బిగిస్తే బోలు కర్ర నొక్కుకుపోతుంది.

ఫ్లాష్‌ను పాదంతో కాక తలతో పట్టుకునే ఎస్-టైప్ బ్రాకెట్ ఇంకో మార్గం. బరువంతా ఫ్లాష్ పాదం మీద పడదు, కర్ర కూడా తలకు దగ్గరగా ఉంటుంది. దీని ముందు భాగంలో ఉన్నది బోవెన్స్ మౌంట్, అంటే బోవెన్స్ కంపెనీ పేరు మీద వచ్చిన, వెలుగు పరికరాలను తగిలించే బిగింపు. ఆ బ్రిటిష్ కంపెనీ 2017లో మూతపడింది. వాళ్ల మౌంటు మాత్రం ఇప్పటికీ ఊరూరా నడుస్తోంది. రేపు సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) కొన్నా ఇదే బ్రాకెట్‌కు తగిలించవచ్చు. నన్నడిగితే గొడుగులో కొంత తగ్గించుకుని అయినా దీని మీద ఖర్చు పెట్టమంటాను.

బిగించాక, వెలుగు ఎంత వెడల్పున పరుచుకోవాలో చెప్పే ఫ్లాష్ జూమ్‌ను 24 లేదా 35 మిల్లీమీటర్ల దగ్గర మీరే పెట్టండి. అది 105లో ఉండిపోతే వెలుగు గుడ్డ మధ్యలో ఒక గుండ్రటి మచ్చలా పడుతుంది. అప్పుడు మీ 43 అంగుళాల గొడుగు పళ్లెమంత గొడుగే. ఒక పరీక్షా ఫొటో గొడుగునే తీసి చూసుకుంటే గుడ్డ అంతా నిండిందో లేదో తెలిసిపోతుంది.

గండిపేట గట్టు మీద, తారామతి బారాదరిలో ప్రీ వెడ్డింగ్ తీసేవాళ్లకు ఒక మాట. నైరుతి గాలులు మొదలయ్యాక గొడుగు ఒంటరిగా నిలవదు. స్టాండు కాలికి ఇసుక సంచి వేయండి, అన్నిటికంటే సన్నని పై గొట్టాన్ని లాగకండి, ఒక మనిషిని దగ్గర నిలబెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో చిన్న ఫ్లాష్‌కు గొడుగు తగిలించి ఎండతో పోటీ పడాలని చూడకండి. గుడ్డే ఒకటి రెండు స్టాప్‌లు తినేస్తుంది, షట్టర్‌ను చాలా వేగంగా నడిపేటప్పుడు వాడే హై స్పీడ్ సింక్ పెడితే ఫ్లాష్ బలం ఇంకా తగ్గుతుంది. నీడలోకి వెళ్లండి, లేదా సాయంత్రం దాకా ఆగండి. అప్పుడు ఇదే గొడుగు అద్భుతంగా పనిచేస్తుంది.

ఈ బల్ల మీద నాలుగు రకాల బ్రాకెట్లు, మూడు గొడుగులు ఉన్నాయి. ఫ్లాష్ తెచ్చుకున్నవారు ఒక్కొక్కరే వచ్చి బిగించి చూడండి. తేనివారు ఈ కుర్చీలో మోడల్‌గా కూర్చోవచ్చు. కళ్లద్దాలున్నవారైతే మరీ మంచిది. అద్దాల్లో గొడుగు కనిపించకుండా దాన్ని ఎంత ఎత్తుకు లేపాలో కూడా చూద్దాం.